గృహరుణ జప్తు: పత్రాల సేకరణ, కూర్పు

ఇల్లు తనఖా పెట్టి తీసుకున్న అప్పు కిస్తీలు ఆగిపోయి, అప్పిచ్చిన సంస్థ ఆ ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేయడాన్ని వాడుకలో ఇంటి జప్తు అంటారు. జప్తు ముప్పు ఎదురైన కుటుంబం తన అప్పుకూ, ఆస్తికీ, ఆదాయానికీ సంబంధించిన కాగితాలన్నీ ఒకచోట చేర్చి, తేదీల వరసలో పెట్టి, నకళ్లు తీసి దాచుకోవడం ఈ వ్యాస విషయం. భారతదేశంలో గృహరుణాల జప్తు చాలావరకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, కోర్టు తీర్పుతో పని లేకుండా జరుగుతుంది. బ్యాంకే నోటీసు ఇస్తుంది, బ్యాంకే బాకీ ఎంతో చెబుతుంది, బ్యాంకు అధికారే వేలం వేస్తారు. దావా అయితే వాది ముందు తన కాగితాలు చూపి తీర్పు తెచ్చుకోవాలి. ఇక్కడ చర్య ముందు, విచారణ తరువాత. లెక్కలో తప్పుందనో, నోటీసు అందలేదనో, గడువు ఇంకా మిగిలే ఉందనో చెప్పదలిస్తే ఆ మాటను నిలబెట్టే ఆధారం అప్పు తీసుకున్నవారే తెచ్చుకోవాలి. కిస్తీ కట్టే స్తోమత పోయిన తరువాత కూడా ఆ కుటుంబం చేతిలో మిగిలే బలం ఈ కాగితాలే.

చట్టం, దాని పరిధి

1993లో రుణ వసూళ్ల ట్రైబ్యునళ్ల చట్టం వచ్చేదాకా బ్యాంకులు కూడా మామూలు సివిల్ కోర్టుల్లోనే తనఖా దావాలు వేసేవి. ట్రైబ్యునళ్లు వచ్చినా మొండి బకాయిలు తగ్గలేదని కేంద్ర ప్రభుత్వం 2002 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో అది చట్టమైంది. మొదటి రూపంలో ఈ చట్టం చాలా కఠినం. బ్యాంకు చర్యను ట్రైబ్యునల్‌లో సవాలు చేయాలంటే బాకీలో 75 శాతం ముందుగా డిపాజిట్ చేయాలనేది. 2004 ఏప్రిల్‌లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది కానీ ఆ 75 శాతం షరతును కొట్టేసింది. అప్పుదారు అభ్యంతరం రాస్తే బ్యాంకు దాన్ని పరిశీలించి కారణాలతో జవాబు ఇవ్వాలని కూడా చెప్పింది. ఆ తీర్పు తరువాత చట్టంలో చేరిన 13(3ఎ) సెక్షనే నేటికీ సామాన్యుడికి పెద్ద ఆసరా. ఎందుకంటే అక్కడ కావలసింది డబ్బు కాదు, ఆధారాలతో రాసిన ఉత్తరం.

బ్యాంకులు, గృహరుణ సంస్థలు, పరిమాణంలో పెద్దవైన బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలు ఈ చట్టాన్ని వాడుకోవచ్చు. సహకార బ్యాంకులకూ ఇది వర్తిస్తుందని 2020 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టిన తనఖాకు సివిల్ కోర్టు దారి ఉంది. చిట్‌ఫండ్ బాకీల వివాదాలకు 1982 చిట్‌ఫండ్ చట్టం ఉంది. లక్ష రూపాయలకు మించని అప్పులు, అసలు వడ్డీ కలిపి 20 శాతం కంటే తక్కువే మిగిలిన అప్పులు, వ్యవసాయ భూమి మీద తనఖాలు సర్ఫేసీ పరిధిలోకి రావు.

ఈ మినహాయింపుల్లో మూడోది తెలుగు రాష్ట్రాల్లో తరచుగా వివాదమవుతుంది. ఊరి శివార్లలో పొలం కొని, భూవినియోగ మార్పిడి చేయించకుండా ఇల్లు కట్టినవారు పట్టాదారు పాస్‌పుస్తకం చూపి ఇది సాగుభూమి అంటుంటారు. రెవెన్యూ రికార్డులో ఏమని ఉందన్నది ఒక్కటే సరిపోదనీ, భూమి వాస్తవంగా దేనికి వాడుతున్నారో, తనఖా ఏ ఉద్దేశంతో పెట్టారో చూడాలనీ 2018లో ఇండియన్ బ్యాంక్ – పప్పిరెడ్డియార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పహాణీ లేదా అడంగల్ నకళ్లు, శిస్తు రశీదులు, మార్పిడి ఉత్తర్వు, ఇంటి పన్ను రశీదులు అన్నీ కలిపి చూస్తేనే సంగతి తేలుతుంది. పాస్‌పుస్తకం ఒక్కదాన్ని నమ్ముకుని మిగతా గడువులు వదిలేయడం ప్రమాదం.

గడువులు

కిస్తీ 90 రోజులకు మించి నిలిచిపోతే ఆ ఖాతాను నిరర్థక ఆస్తిగా, అంటే ఎన్‌పీఏగా వర్గీకరిస్తారు. అంతకుముందే 30, 60, 90 రోజుల మెట్లలో దాన్ని ప్రత్యేక జాబితాలో పెడతారు. ఒకసారి ఎన్‌పీఏ అయ్యాక ఒకటి రెండు కిస్తీలు కట్టినంత మాత్రాన ఖాతా మామూలు స్థితికి రాదు. అసలు, వడ్డీ బకాయిలన్నీ తీరితేనే వస్తుందని 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు స్పష్టం చేసింది. ఒక కిస్తీ కట్టాం కదా, ఇక నోటీసులు రావు అనుకుని నిశ్చింతగా ఉండిపోయే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

తరువాత 13(2) సెక్షన్ కింద డిమాండ్ నోటీసు వస్తుంది. బాకీ వివరం, తనఖా ఆస్తి వివరం అందులో ఉండాలి. కట్టడానికి 60 రోజుల గడువు. ఆ గడువులో రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఈ దశలో ట్రైబ్యునల్‌కు వెళ్లే వీలు లేదు. నోటీసు అందిన రోజు నుంచి బ్యాంకు రాతపూర్వక సమ్మతి లేకుండా ఇల్లు అమ్మడం, లీజుకివ్వడం కూడా కుదరదు.

60 రోజులు దాటితే 13(4) కింద స్వాధీనం. స్వాధీన నోటీసును ఇంటి తలుపుకు అంటించి, 7 రోజుల్లోగా రెండు ప్రముఖ పత్రికల్లో ప్రకటించాలి. అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలి. చాలా సందర్భాల్లో ఇది మొదట కాగితం మీద స్వాధీనమే. మనుషులు ఇంట్లోనే ఉంటారు, తాళం పడదు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి ఉన్న 45 రోజుల గడువు ఇంటికి తాళం పడిన రోజు నుంచే మొదలవుతుందనుకుని ఆగిపోతారు. తలుపుకు అంటించిన నోటీసు మీద కూడా ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చని 2018లో హిండన్ ఫోర్జ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ నోటీసును ఫొటో తీసి, తేదీ రాసి పెట్టుకోవాలి. లెక్క అక్కడి నుంచే వేసుకోవాలి.

భౌతిక స్వాధీనానికి బ్యాంకు 14వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు సాయాన్ని, లేదా చీఫ్ మేజిస్ట్రేటు సాయాన్ని కోరుతుంది. ఆపై వేలం. అమ్మకానికి 30 రోజుల ముందు అప్పుదారుకు నోటీసు ఇవ్వాలి. ఆమోదిత వాల్యుయరుతో విలువ కట్టించి రిజర్వు ధర నిర్ణయించాలి. బాకీ మొత్తం ఖర్చులతో సహా కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడే దాకానే ఉంటుంది. 2016 సవరణతో ఈ మార్పు వచ్చింది. 2023 సెప్టెంబరులో సెలిర్ – బఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. వేలం రోజు ఉదయం డబ్బు పట్టుకుని బ్యాంకుకు పరుగెత్తడం సినిమాల్లో సరే, ఇప్పుడు చట్టంలో దానికి చోటు లేదు.

కనుక కూర్పులో అన్నిటికంటే పైన ఉండాల్సింది ఒక తేదీల పట్టిక. ఏ కాగితం ఎప్పటి తేదీతో ఉంది, చేతికి ఎప్పుడు అందింది, ఎలా అందింది, దానికి గడువు ఎప్పటితో ముగుస్తుంది అనే వివరాలు ఒక నోటు పుస్తకంలో చేతిరాతతో రాసుకున్నా చాలు. వకీలు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన మొదట అడిగేవి ఈ తేదీలే.

ఆస్తి పత్రాలు

గృహరుణం తీసుకున్నవారి అసలు దస్తావేజులు వారి దగ్గర ఉండవు. విక్రయ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు బ్యాంకుకు అప్పగించి, వాటిని డిపాజిట్ చేసినట్టు ఒప్పంద పత్రం రాస్తారు. దాన్ని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించడం తెలుగు రాష్ట్రాల్లో మామూలు. అది ఈసీలో, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో కనిపిస్తుంది. కాబట్టి ఆస్తి తాలూకు ఫైలును నకళ్లతో కొత్తగా కట్టుకోవాలి.

రిజిస్టరు అయిన ప్రతి దస్తావేజుకూ సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు దొరుకుతుంది. ఈసీ మీసేవలోనూ, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లలోనూ తీసుకోవచ్చు. 1983కు ముందరి లావాదేవీలకు మాత్రం కార్యాలయంలోని పాత పుస్తకాలు వెతికించాల్సి వస్తుంది. ఈసీ చదివేటప్పుడు అమ్మకాలు మాత్రమే చూడకూడదు. తనఖా ఏ తేదీన, ఎంత మొత్తానికి, ఏ హద్దులతో నమోదైందో చూడాలి. బ్యాంకు నోటీసులో రాసిన సర్వే నంబరు, ఇంటి నంబరు, హద్దులు దస్తావేజుతో సరిపోలుతున్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఇంటి నంబర్లు మారిన పట్టణాల్లో పొరపాట్లు జరుగుతుంటాయి.

ఇంకో చోట కూడా వెతకాలి. తనఖాలను నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయి 2011లో మొదలైంది. అక్కడ నమోదు చేయించని రుణదాత సర్ఫేసీ అధికారాలు వాడుకోకూడదన్న నియమం 2020 జనవరి 24 నుంచి అమల్లో ఉంది. కొద్దిపాటి రుసుముతో ఎవరైనా ఆ రిజిస్ట్రీలో వెతికి నివేదిక తీసుకోవచ్చు. ఇది తెలిసినవారు బహు తక్కువ.

మంజూరైన ప్లాను, అనుమతి ఉత్తర్వు, ఇంటి పన్ను, నీటి పన్ను, కరెంటు బిల్లులు, ఫ్లాటు అయితే సంఘం రశీదులు కూడా ఫైలులో చేరాలి. కట్టడానికి అయిన ఖర్చు బిల్లులు పారేయకూడదు. ఇల్లు వేలంలో పోయినా మూలధన లాభం లెక్క యజమాని మీదే పడుతుంది. ఆనాడు ఖర్చుకు ఆధారం కావాలి. దస్తావేజులు అప్పగించిన రోజున బ్యాంకు ఇచ్చిన జాబితా లేకపోతే ఇప్పుడైనా రాతపూర్వకంగా అడగాలి. ఏ కాగితాలు బ్యాంకు దగ్గర ఉన్నాయో తెలియకుండా రేపు వాటిని వెనక్కి అడగడం సాధ్యం కాదు.

రుణ ఖాతా పత్రాలు

మంజూరు ఉత్తరం, రుణ ఒప్పందం, దాని అనుబంధాలు అప్పుదారుకు హక్కుగా రావలసినవి. సంతకం చేయించుకుని నకలు ఇవ్వకుండా పంపేసే అలవాటు ఇంకా ఉంది కానీ, ఒప్పందం నకలును అనుబంధాలతో సహా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఎన్నో ఏళ్లుగా ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరైన రిటైల్ రుణాలకు ప్రధాన షరతులన్నీ ఒకచోట చూపే వివరపత్రం కూడా ఇవ్వాలి.

అన్నిటికంటే విలువైనది ఖాతా స్టేట్‌మెంట్. గత ఆరు నెలలది చాలదు. మొదటి విడత సొమ్ము విడుదలైన రోజు నుంచి ఇవాళ్టి దాకా మొత్తం స్టేట్‌మెంట్‌ను బ్యాంకు ముద్రతో, ధ్రువీకరణతో అడగాలి. 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం కింద ఇలాంటి ధ్రువీకరించిన నకలుకు సాక్ష్య విలువ ఉంటుంది. తరువాత ఇంట్లో లెక్కలు రాయగల పిల్లో పిల్లాడో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని, కట్టిన ప్రతి కిస్తీ అందులో జమైందో లేదో రశీదులతో సరిచూసుకోవాలి. శాఖలో నగదుగా కట్టినవీ, ఏజెంటు చేతికిచ్చినవీ ముందుగా చూడాలి. ఏజెంటు చేతికిచ్చి రశీదు తీసుకోని డబ్బును తరువాత రుజువు చేయడం చాలా కష్టం.

వడ్డీ రేటు ఎప్పుడెప్పుడు మారిందో, మారినప్పుడు కిస్తీ పెరిగిందా, కాలం పొడిగించారా అన్నది రెండో పరిశీలన. మూడోది జరిమానాలు. గడువు దాటినందుకు వేసే జరిమానాను వడ్డీ రూపంలో కలిపి, దాని మీద మళ్లీ వడ్డీ వేసే పద్ధతిని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు సర్క్యులర్‌తో ఆపింది. కొత్త రుణాలకు 2024 ఏప్రిల్ 1 నుంచి, పాతవాటికి ఆ ఏడాది జూన్ 30లోగా కొత్త పద్ధతి అమలు కావాలని గడువు పెట్టింది. ఆ తేదీ తరువాత కూడా జరిమానా అసలులో కలుస్తుంటే అభ్యంతర పత్రంలో రాయదగ్గ విషయమది. చెక్కు వాపసు ఛార్జీలు, లీగల్ ఛార్జీలు, బీమా ప్రీమియం పేరిట పడిన మొత్తాలు, ఎన్‌పీఏగా వర్గీకరించిన తేదీ కూడా చూడాలి. 90 రోజుల లెక్క ఆ తేదీకి సరిపోతోందా?

తప్పు ఒక్క వెయ్యి రూపాయలదే అయినా రాయాలి. అంత చిన్న తప్పుతో జప్తు ఆగిపోదు. కానీ పేజీ నంబరు, తేదీ, మొత్తం చూపి రాసిన అభ్యంతరానికి బ్యాంకు కారణం చెప్పక తప్పదు. 'కష్టాల్లో ఉన్నాం, దయచేసి సమయం ఇవ్వండి' అని మాత్రమే రాసిన అర్జీకి ఆ బలం రాదు. సమయం అడగడం తప్పు కాదు. లెక్క తరువాత అడగాలి.

నోటీసులు, కవర్లు, సంతకాలు

నోటీసు తీసుకోకుండా పోస్ట్‌మ్యాన్‌ను తిప్పి పంపడం మన ఊళ్లలో పాత అలవాటు. దీనివల్ల నష్టమే తప్ప లాభం లేదు. తీసుకోకపోతే తలుపుకు అంటించి, పత్రికల్లో ప్రకటించి అందినట్టే లెక్కవేస్తారు. గడువు నడుస్తూనే ఉంటుంది, లోపల ఏముందో మాత్రం తెలియదు. నోటీసు తీసుకుని, కవరు కూడా దాచాలి. పోస్టల్ ముద్ర, బార్‌కోడు ఆ కవరు మీదే ఉంటాయి. పంపిన తేదీకీ అందిన తేదీకీ మధ్య తేడాను రుజువు చేసేది అదే. సహ రుణగ్రహీతలు, హామీదారులు కూడా చట్టం దృష్టిలో అప్పుదారులే. వారికి వచ్చిన నోటీసుల నకళ్లు తెప్పించుకోవాలి. వారికి రాకపోతే రాలేదని రాసుకోవాలి.

బ్యాంకుకు పంపే ప్రతి ఉత్తరమూ ట్రాకింగ్ ఉన్న తపాలాలో పంపి, రశీదును నకలుకు పిన్ చేయాలి. చేతికి ఇస్తే నకలు మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోవాలి. మేనేజరుగారు ఎంత మంచివారైనా నోటిమాటగా ఇచ్చిన వాయిదా ఫైలులోకి ఎక్కదు. మాట్లాడి వచ్చిన సాయంత్రమే 'ఇవాళ మీరు ఇలా చెప్పారు' అని ఈమెయిల్ పంపితే ఆ మాట రాతలోకి వస్తుంది.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో మరోసారి ఆదేశించింది. ఫోన్ జాబితా స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ సందేశాలు చెరిపేయకూడదు. ఫోన్ మార్చినప్పుడు ముందు వాటిని దాచుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి. అసలు ఫోన్ ఉంటే ఆ పని సులువవుతుంది.

సంతకాల విషయంలో ఒక హెచ్చరిక. బాకీ ఇంత అని ఒప్పుకుంటూ ఇచ్చే పత్రం మీద సంతకం పెడితే కాలపరిమితి కొత్తగా మొదలవుతుంది. ఆ మొత్తంతో ఏకీభవించినట్టు కూడా అవుతుంది. వేలంలో రిజర్వు ధరకు మించి పాట రాకపోతే ఆ ధరకు అమ్మడానికి అప్పుదారు సమ్మతి అడుగుతారు. అలాంటి సమ్మతి పత్రం ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదివించుకోకుండా సంతకం పెట్టవద్దు.

కుటుంబ పత్రాలు

కిస్తీలు ఎందుకు ఆగాయో చెప్పే కాగితాలు వేరే కట్టగా ఉండాలి. ఉద్యోగం పోయిన ఉత్తరం, జీతం స్లిప్పులు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఆసుపత్రి బిల్లులు ఇందులోకి వస్తాయి. రుణాన్ని పునర్‌వ్యవస్థీకరించమని అడిగినా, ఒకేసారి చెల్లింపు పథకం అడిగినా ఇవే పనికొస్తాయి.

అప్పు తీసుకున్నవారు చనిపోయిన ఇళ్లలో ముందు వెతకవలసింది బీమా పత్రం. గృహరుణంతోపాటు రుణ బీమా అంటగట్టడం సర్వసాధారణం. ఒకేసారి కట్టిన ప్రీమియం రుణంలోనే కలిసిపోవడంతో ఇంట్లో మిగతావారికి ఆ పాలసీ ఉన్నట్టే తెలియదు. మంజూరు ఉత్తరంలో, స్టేట్‌మెంట్ మొదటి పేజీల్లో ప్రీమియం పేరిట మొత్తం కనిపిస్తే ఆ బీమా సంస్థకు మరణ ధ్రువపత్రంతో క్లెయిము రాయాలి. బీమా డబ్బుతో తీరిపోవలసిన అప్పుకు ఇల్లు పోవడం కంటే బాధాకరం మరొకటి లేదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వారసుల ఆధార్ నకళ్లు ఈ కట్టలోనే ఉండాలి.

విదేశాల్లో ఉన్న పిల్లల పేరిట ఊళ్లో ఇల్లు ఉండటం తెలుగువారిలో మామూలే. నోటీసు ఇక్కడ తల్లిదండ్రులకు అందుతుంది, సంతకం చేయవలసినవారు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. వారు పంపే అధికార పత్రాన్ని అక్కడ నోటరీ చేయించి, అపోస్టిల్ లేదా భారత కాన్సులేట్ ధ్రువీకరణ తీసుకోవాలి. భారతదేశం చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి. దీనికే వారాలు పడతాయి కనుక 60 రోజుల నోటీసు వచ్చిన రోజే ఆ పని మొదలుపెట్టాలి.

ఇంటికి తాళం పడకముందు

భౌతిక స్వాధీనం రోజున అడ్వకేట్ కమిషనరో, రెవెన్యూ అధికారో పోలీసులతో వస్తారు. ఆ హడావిడిలో కాగితాలు వెతికే సమయం దొరకదు. పిల్లల టెన్త్, ఇంటర్ మార్కుల జాబితాలు, కుల ధ్రువపత్రాలు, ఆధార్, రేషన్, ఆరోగ్యశ్రీ కార్డులు, పాస్‌పోర్టులు, పింఛను పుస్తకం, బీమా బాండ్లు, ఇతర ఆస్తుల కాగితాలు, మందుల చీటీలు ఆ ఇంట్లో ఉండిపోతే అవి తిరిగి చేతికొచ్చేదాకా జీవితం ఆగిపోతుంది. స్వాధీన నోటీసు తలుపుకు పడిన వారంలోనే వీటిని నమ్మకమైన బంధువు ఇంటికి చేర్చాలి. అప్పు ఎలా తేలినా పిల్లల చదువు ఆగకూడదు. ఈ పనిని తరువాత చూద్దామని వాయిదా వేయకండి.

ఇంట్లోని సామాను తనఖాలో భాగం కాదు. గదుల వారీగా ఫొటోలు, వీడియో తీసి, విలువైన వస్తువుల జాబితా రాసి ఉంచుకోవాలి. స్వాధీనం రోజు రాసే పంచనామాలో లోపల ఉన్న వస్తువుల వివరం చేర్పించి, నకలు అడగాలి. ఇల్లు అద్దెకిచ్చి ఉంటే రిజిస్టరైన లీజు పత్రం, అద్దె రశీదులు అద్దెదారు దగ్గరా ఉండాలి.

మూడు కట్టలుగా నకళ్లు ఉంచుకోవడం మంచి పద్ధతి. ఒకటి వకీలు దగ్గర, ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న మనిషి దగ్గర. ఫోన్లో స్కాన్ చేసి తేదీ ముందుగా పేరు పెట్టి దాచుకుంటే అవసరానికి వెంటనే దొరుకుతుంది. ట్రైబ్యునల్ వ్యవహారం ఇంగ్లిష్‌లో నడుస్తుంది కనుక తెలుగు దస్తావేజులకు తర్జుమా చేయించి ఉంచాలి.

పరిష్కారం తరువాతి కాగితాలు

ఒకేసారి చెల్లింపు, అంటే ఓటీఎస్, హక్కుగా అడగగలిగేది కాదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అది బ్యాంకు ఇష్టం. ఒప్పుకుంటే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఎంత మొత్తం, ఏ తేదీలోగా, ఒక్క రోజు ఆలస్యమైతే ఏమవుతుంది, కేసులన్నీ వెనక్కి తీసుకుంటారా అన్నవి అందులో ఉండాలి. కొనేవారిని చూసుకుని మనమే ఇల్లు అమ్ముకుంటే వేలం కంటే మంచి ధర వచ్చే అవకాశం ఎక్కువ. దానికీ బ్యాంకు రాతపూర్వక సమ్మతి తప్పనిసరి.

అప్పు పూర్తిగా తీరినా, ఒప్పందం మేరకు తీరినా అసలు దస్తావేజులు 30 రోజుల్లో తిరిగివ్వాలి. ఆలస్యం బ్యాంకు వల్లే జరిగితే రోజుకు 5,000 రూపాయల పరిహారం ఇవ్వాలి. పోగొడితే నకళ్లు తెప్పించే ఖర్చు బ్యాంకే భరించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకుని, తనఖా రద్దు పత్రాన్ని సబ్‌రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించి, కొత్త ఈసీ తీసి చూసుకున్నాకే పని పూర్తయినట్టు. సిబిల్ నివేదికలో 'సెటిల్డ్' అని ఉందా, 'క్లోజ్డ్' అని ఉందా కూడా చూడాలి. మొదటిది రేపటి అప్పుకు అడ్డమవుతుంది.

వేలంలో ఇల్లు పోయినా కథ అక్కడితో తీరదు. బాకీ, ఖర్చులు పోగా మిగిలింది యజమానిదే. అమ్మకపు ధ్రువపత్రం నకలు, మిగులు లెక్క అడిగి తీసుకోవాలి. తక్కువపడితే మిగతా బాకీకి బ్యాంకు ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. కనుక ఫైలును ఆ రోజున చించేయకూడదు.

అమెరికాలో తెలుగు కుటుంబాలు

అమెరికాలో పద్ధతి రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. తెలుగువారు ఎక్కువగా ఉన్న టెక్సస్‌లో కోర్టుకు వెళ్లకుండానే నెలలో మొదటి మంగళవారం వేలం వేస్తారు. న్యూజెర్సీలో కోర్టు దావా తప్పనిసరి. ఫెడరల్ నియమాల ప్రకారం సాధారణంగా బాకీ 120 రోజులు దాటేదాకా జప్తు ప్రక్రియ మొదలుపెట్టకూడదు. వేలానికి 37 రోజులకు మించి ముందుగా సహాయ దరఖాస్తు సంపూర్ణంగా అందితే దాన్ని పరిశీలించాకే ముందుకు వెళ్లాలి. 'సంపూర్ణంగా' అన్న మాటలోనే కష్టమంతా ఉంది. జీతం స్లిప్పు ఒకటి లేకపోయినా దరఖాస్తు అసంపూర్ణమే. ఉద్యోగంతోపాటు వీసా కూడా పోయే ప్రమాదం ఉన్నవారు జీతం స్లిప్పులు, పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కష్టాన్ని వివరించే ఉత్తరం ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. ఫెడరల్ గృహ శాఖ గుర్తింపు ఉన్న సలహాదారులు జప్తు విషయంలో ఉచితంగా సాయం చేస్తారు.

సాయం దొరికే చోట్లు

సర్ఫేసీ చర్యలకు సంబంధించిన ట్రైబ్యునళ్లు తెలుగు రాష్ట్రాలకు హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. వాటి మీద అప్పీలు కోల్‌కతాలో. అప్పీలుకు బాకీలో సగం, అప్పీలు ట్రైబ్యునల్ తగ్గిస్తే కనీసం పావు వంతు డిపాజిట్ చేయాలి. అంత దూరం, అంత డబ్బు సామాన్య కుటుంబానికి భారమే కనుక మొదటి మెట్టులోనే కాగితాలన్నీ పెట్టి వాదించుకోవాలి. సేవా లోపాల మీద ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. అయితే ఆ ఫిర్యాదు నడుస్తోందని 45 రోజుల గడువు ఆగదు.

జప్తు ఆపిస్తామని డబ్బు తీసుకునే మధ్యవర్తులు నోటీసు పత్రికలో పడగానే ఇంటికి వస్తారు. వారికి అసలు కాగితం ఒక్కటి కూడా ఇవ్వకండి. ఖాళీ స్టాంపు పేపరు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఇతరులకు ఆదాయ పరిమితికి లోబడి 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఉచితంగా వకీలును పెడతారు. ఆ చట్టంలో కోర్టు అన్న మాటకు ట్రైబ్యునళ్లు కూడా చేరతాయి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా, 15100కు ఫోన్ చేసినా సరిపోతుంది. నోటీసు అందిన మొదటి వారంలోనే, ఫైలు చేతబట్టుకుని వెళ్లండి.